స్కాలర్‌షిప్ డబ్బుతో ట్యాబ్ కొనాలా?

(షోలాపూర్‌లో జరిగిన ఉపకార వేతనాల సభలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగం)



కిందటేడు స్కాలర్‌షిప్ అందుకున్న పిల్లలు ఆ డబ్బు దేనికి వాడారో ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ కాగితాలు సర్దే పని నాకు అప్పగించారు. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో గుమాస్తాగిరీ చేసినవాడికి కాగితాలు సర్దడం కష్టమేమీ కాదు. ఫీజు, పుస్తకాలు, బస్ పాస్ తర్వాత ఎక్కువగా కనబడిన మాట ట్యాబ్. ఈ ఏడు కూడా దరఖాస్తు ఇవ్వడానికి వచ్చిన తల్లుల్లో చాలామంది "అన్నా, ట్యాబ్ కొనివ్వమని పిల్లవాడు ప్రాణం తీస్తున్నాడు, కొనమంటారా?" అని నన్నే అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడే అందరికీ చెప్పేస్తాను.

ముందుగా ఒక మాట. చవక ట్యాబ్ అని నేనంటున్నది సుమారు పది వేల నుంచి పదిహేను వేల లోపు దొరికేదాన్ని. మగ్గం మీద పనిచేసే ఇంటికి, బీడీలు చుట్టే ఇంటికి అది చవక కాదు. ఎన్నో వారాల కూలి. అందుకే ఇది మంచి కంపెనీయా, అది మంచి కంపెనీయా అన్న చర్చ నేను పెట్టను. ఆ వస్తువుకు మీ ఇంట్లో పని ఉందా లేదా అన్నదే చూద్దాం.

ధర ఒక్కటే చూసుకుంటే ఏమవుతుందో దేశం మొత్తం ఒకసారి చూసింది. 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం ఆకాశ్ అనే ట్యాబ్ విడుదల చేసింది. ప్రపంచంలోనే అతి చవకైనదని పేరు వచ్చింది. ఏడంగుళాల స్క్రీన్, 256 ఎం.బి. ర్యామ్. తాకితే చాలదు, గోటితో గట్టిగా నొక్కాల్సి వచ్చేది. ఉద్దేశం మంచిదే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ పాఠం తెరుచుకునేలోపు పిల్లవాడి ఓపిక అయిపోతే ఆ వస్తువు అలమరా ఎక్కుతుంది. ఈనాటి చవక ట్యాబ్‌లు దానికంటే ఎన్నో రెట్లు మెరుగు. అయినా అలమరా ఎక్కేవి ఇప్పుడూ ఉన్నాయి, వాటి కారణాలు వేరు.

కొనే ముందు ఒక వారం రోజులు లెక్క రాయమని అందరికీ చెబుతున్నాను. పాత నోటుబుక్కులో ఒక పేజీ చాలు. పిల్లవాడు రోజూ ఫోన్‌లో చదువు కోసం ఏం చేశాడు, ఎంతసేపు చేశాడు, ఎక్కడ ఇబ్బంది పడ్డాడు అని మూడు గళ్లు గీయండి. ఆట, సినిమా, రీల్స్ కూడా దాచకుండా రాయాలి. జమ, ఖర్చు రెండూ రాయని ఖాతా ఖాతా కాదు గదా.

పోయిన నెల ఒక తల్లి అలా రాసిన పేజీ తెచ్చి చూపించింది. ఆమె ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. భర్తకు ఎం.ఐ.డి.సి.లో టవళ్ల కార్ఖానాలో పని. పెద్దమ్మాయి పదో తరగతి, చిన్నవాడు ఏడు. ఇంటికంతా ఒకటే ఫోన్. ఆ ఫోన్ పొద్దున తండ్రితో వెళ్లి రాత్రి తండ్రితో తిరిగి వస్తుంది. పేజీలో ఏముందంటే, రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర దాకా అమ్మాయి సైన్సు పాఠం చూసింది, మధ్యలో రెండుసార్లు ఫోన్ వచ్చి ఆగిపోయింది. టీచర్ వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ చదవలేక పక్కింటికి వెళ్లి నోట్సు రాసుకుంది. తమ్ముడికి ఫోన్ దొరకనే లేదు. ఇబ్బంది అన్న గడిలో ఆ అమ్మాయి మూడు రోజులు వరసగా రాసిన మాట, అక్షరాలు చిన్నవి. ఆ ఒక్క పేజీ చూస్తే చాలు, ఆ ఇంటికి ట్యాబ్ అవసరమని తెలిసిపోతుంది.

అక్షరాల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. దుకాణంవాడు స్క్రీన్ సైజు అంగుళాల్లో చెబుతాడు. ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిచిన కొలత అది. చదివేవాడికి కావలసింది వెడల్పు. మన పిల్లల పాఠ్యపుస్తకాలు, టీచర్లు పంపే నోట్సు చాలావరకు జిరాక్స్ కాగితం సైజులో, అంటే ఏ4లో ఉంటాయి. ఏ4 వెడల్పు 21 సెంటీమీటర్లు. ఆరున్నర అంగుళాల ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటే వెడల్పు ఏడు సెంటీమీటర్లు కూడా ఉండదు. పేజీ మూడో వంతుకు కుంచించుకుపోతుంది, 12 పాయింట్ల అక్షరం 4 పాయింట్లకు దిగుతుంది. మందుల చీటీ వెనక ముద్రించే అక్షరాల్లాంటివి. ఎనిమిదిన్నర, తొమ్మిది అంగుళాల మధ్య ఉండే చిన్న ట్యాబ్‌లో పేజీ సగానికి కాస్త పైన ఉంటుంది. పదంగుళాల ట్యాబ్‌లో వెడల్పు పదమూడున్నర సెంటీమీటర్ల పైన వస్తుంది, అంటే దాదాపు మూడింట రెండు వంతులు. 12 పాయింట్ల అక్షరం 8 పాయింట్ల దాకా నిలుస్తుంది. అది కళ్లు చికిలించకుండా చదవగలిగిన సైజు.

ఇదంతా గుర్తుంచుకోనక్కర్లేదు. ఒక ఏ4 కాగితం తీసుకుని సగానికి మడవండి. పదంగుళాల ట్యాబ్ సుమారు అంత ఉంటుంది. ఇంకోసారి మడిస్తే వచ్చేదాని కంటే కాస్త పెద్దది ఎనిమిదంగుళాల ట్యాబ్. మడిచిన కాగితం జేబులో పెట్టుకుని దుకాణానికి వెళ్లండి. చదువు కోసమే అయితే ఒక మడత సైజు కంటే చిన్నది తీసుకోవద్దని నా సలహా. చిన్న ట్యాబ్ రెండు మూడు వేలు తక్కువకు వస్తుంది, నిజమే. కానీ పెద్ద ఫోన్ ఉన్న ఇంటికి దానివల్ల కలిసొచ్చేది తక్కువ.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని విషయానికి వస్తాను. చవక ట్యాబ్‌లలో ఎక్కువ భాగం వైఫై మాత్రమే ఉన్నవి, సిమ్ వేసే చోటు ఉండదు. మన ఇళ్లలో వైఫై ఎక్కడిది? ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇవ్వాలి. మరి ఫోన్ తండ్రితో కార్ఖానాకు పోతుందనే కదా ట్యాబ్ కొన్నది! ఫోన్ గడప దాటగానే ట్యాబ్‌కు ఇంటర్నెట్ ఉండదు. పగలంతా పిల్లల చేతిలో పలకలాగా ఉంటుంది. చాలా ఇళ్లలో ట్యాబ్ మూలన పడటానికి కారణం ఇదే.

దీనికి రెండు దార్లు ఉన్నాయి. ఒకటి, సిమ్ వేసుకునే ట్యాబ్ కొనడం. దాని ధర ఎక్కువ, పైగా నెలనెలా ఇంకో రీచార్జి. నెలకు 250 రూపాయలు అనుకున్నా ఏడాదికి 3,000, మూడేళ్లకు 9,000. దాదాపు ఇంకో ట్యాబ్ ధర. కొనేటప్పుడు ఈ సంఖ్య ఎవరూ చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను. రెండో దారి, రాత్రి ఫోన్ ఇంట్లో ఉన్నప్పుడు మర్నాటి పాఠాలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవడం. రోజుకు ఒకటిన్నర జి.బి. ప్లాన్ ఉన్నవాళ్లకు రాత్రికి సాధారణంగా ఎంతో కొంత మిగులుతుంది. అర్ధరాత్రి దాటితే ఎలాగూ పోయే డేటా అది. పాఠ్యపుస్తకాలైతే ఒకసారి దించుకుంటే చాలు. మహారాష్ట్ర బాలభారతి పుస్తకాలు, ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు పీడీఎఫ్‌గా ఉచితంగా దొరుకుతాయి. పుస్తకంలో కనబడే క్యూఆర్ కోడ్‌లు 2017లో మొదలైన దీక్షా యాప్‌తో తెరుచుకుంటాయి. దాంట్లో కూడా పాఠాలు దించి పెట్టుకోవచ్చు. కాలేజీ పిల్లలకు స్వయం ఉంది, అదీ 2017లోనే వచ్చింది. వీటిలో దేనికీ డబ్బు కట్టి కోచింగ్ యాప్ తీసుకోనక్కర్లేదు.

నేను చెప్పిన ఆ తల్లి రెండో దారే పట్టింది. వైఫై ట్యాబ్ తీసుకుని, మిగిలిన డబ్బులో కొంత మెమరీ కార్డుకు పెట్టింది. ఇప్పుడు రాత్రి డౌన్‌లోడ్ పెట్టే బాధ్యత ఏడో తరగతి చిన్నవాడిది. వాడు దాన్ని ఉద్యోగంలాగా చేస్తున్నాడని అక్క నాతో ఫిర్యాదు చేసింది.

అందరికీ ఇదే సలహా ఇవ్వను. బి.కాం. రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి కూడా ట్యాబ్ కోసమే వచ్చింది. ఏం నేర్చుకోవాలమ్మా అంటే ట్యాలీ, ఎక్సెల్ అంది. నేనూ కామర్స్ చదివినవాణ్ణే, కాబట్టి కొంచెం గట్టిగానే చెప్పాను. ట్యాలీ విండోస్ కంప్యూటర్ మీద నడిచే ప్రోగ్రాం. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో వేసుకుని ఎంట్రీలు కొట్టడం కుదరదు. కంప్యూటర్ ఉంటే ట్యాలీని ఎడ్యుకేషన్ మోడ్‌లో లైసెన్సు లేకుండానే నేర్చుకోవచ్చు. నెలలో ఏవో కొన్ని తేదీలకే ఎంట్రీ తీసుకుంటుంది గానీ అభ్యాసానికి అది చాలు. ఎక్సెల్ ట్యాబ్‌లో తెరుచుకుంటుంది, చూడ్డానికి బాగుంటుంది. రెండు వందల వరసల షీట్‌లో వేలితో పనిచేసి చూడండి, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. కీబోర్డు విడిగా కొంటే ఇంకో వెయ్యి. అలా అలా ట్యాబ్ ఖర్చు పాత ల్యాప్‌టాప్ ధరకు చేరుకుంటుంది. ఆఫీసులు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లను బాగుచేసి కొన్ని నెలల వారంటీతో అమ్మే దుకాణాలున్నాయి. కామర్స్ పిల్లలకు, ఇంజనీరింగ్ పిల్లలకు, టైపింగ్ నేర్చుకునే పిల్లలకు ఆగి అదే కొనమంటాను. డబ్బు చాలకపోతే ఈ ఏడు కాలేజీ ల్యాబ్‌లో గంటలు ఎక్కువ అడిగి తీసుకోండి, మిగతాది పోగుచేసి వచ్చే ఏడు కొనండి.

పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లు కూడా ఒకటి గమనించాలి. జేఈఈ మెయిన్, బ్యాంకు పరీక్షలు కంప్యూటర్ మీద మౌస్‌తో రాసేవి. పాఠం ట్యాబ్‌లో వినండి, మంచిదే. మాక్ టెస్టులు మాత్రం కొన్నయినా కంప్యూటర్ ముందు కూర్చుని రాయాలి. వేలితో తాకి జవాబు పెట్టే వేగం వేరు, మౌస్ కదిపి పెట్టే వేగం వేరు.

క్లుప్తంగా చెప్పాలంటే ట్యాబ్ చదవడానికీ, చూడటానికీ, వినడానికీ బాగుంటుంది. పేజీలకు పేజీలు రాసేవాళ్లకు, అంకెలు నింపేవాళ్లకు సరిపోదు. ఇంటి పేజీలో ఏ పని ఎక్కువుందో మీకే కనబడుతుంది.

బ్యాంకు పనుల గురించి కూడా అడుగుతున్నారు. సిమ్ లేని ట్యాబ్‌లో యూపీఐ పెట్టుకోవడం కుదరదు. యూపీఐ మొదలుపెట్టేటప్పుడు ఖాతాకు కట్టిన నంబరు సిమ్ ఆ పరికరంలోనే ఉండి, దాన్నుంచి మెసేజ్ వెళ్లాలి. ఒక విధంగా ఇది పిల్లలున్న ఇంటికి మేలే. డబ్బు ఫోన్‌లో ఉండనివ్వండి, చదువు ట్యాబ్‌లో ఉండనివ్వండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు ట్యాబ్‌లో నింపితే పెద్ద స్క్రీన్ మీద తప్పులు కనబడతాయి, అది లాభం. ఓటీపీ మాత్రం ఫోన్‌కే వస్తుంది గనక తండ్రి ఇంట్లో ఉన్నప్పుడు కూర్చోండి.

ఇక కొనడమే అని తేల్చుకుంటే దుకాణంలో ఏం చూడాలి? పిల్లల్ని వెంట తీసుకెళ్లండి, కానీ ముందుగా ఆట తెరవనివ్వకండి. మీ పిల్లవాడి పాఠ్యపుస్తకం పీడీఎఫ్‌నే అందులో తెరిపించండి. వంద పేజీలు దాటిన పుస్తకం అయితే మంచిది. గబగబా పేజీలు తిప్పండి. తెల్లగా ఆగిపోయి తర్వాత అక్షరాలు వస్తుంటే ఆ ట్యాబ్ మీ పనికి చాలదు. పుస్తకం వదిలి ఒక వీడియో తెరిచి, మళ్లీ పుస్తకానికి రండి. ఉన్న పేజీ దగ్గరే ఉంటే సరే, మొదటి నుంచి మళ్లీ తెరుచుకుంటే ర్యామ్ తక్కువ. నా లెక్కలో ర్యామ్ 4 జి.బి. కంటే తక్కువ ఉన్నది వద్దు. డబ్బా మీద 8 అని పెద్దగా రాసి, కింద చిన్న అక్షరాల్లో 4+4 అని వేస్తారు. ఆ రెండో 4 అసలు ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి అప్పు తెచ్చి చూపించేది. అప్పు తెచ్చిన సొమ్మును డిపాజిట్‌గా చూపించినట్టు. స్టోరేజీ 64 జి.బి. ఉండాలి, మెమరీ కార్డు వేసే చోటు ఉండాలి. డబ్బా మీద రాసినదాంట్లో మంచి భాగం లోపలి సాఫ్ట్‌వేరే ఆక్రమిస్తుంది. పేరు ఎన్నడూ వినని కంపెనీవాడు ఐదారు వేలకే 12 జి.బి. ర్యామ్, 512 జి.బి. స్టోరేజీ అంటే నమ్మకండి. అంత సరుకు ఆ ధరకు రాదు.

తర్వాత ఆండ్రాయిడ్ ఎన్నో వెర్షనో, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడగండి. ఎనిమిదో తరగతి పిల్లకు కొంటున్నామంటే ప్లస్ టూ దాకా నడవాలి గదా. దుకాణంవాడు తెలియదంటే కంపెనీ వెబ్‌సైట్‌లో చూపించమనండి. మన ఊళ్లో సర్వీసు సెంటర్ ఉందా, లేక పుణేకో హైదరాబాద్‌కో పంపాలా? స్క్రీన్ పగిలితే మార్చడానికి ఎంత? ఇది కొనకముందే అడిగి బిల్లు వెనక రాయించుకోండి. పిల్లల చేతిలో వస్తువు ఒకసారైనా కిందపడుతుంది. కవరు, స్క్రీన్ గార్డు ఆ రోజే వేయించండి, ఆ ఏడెనిమిది వందలు బడ్జెట్‌లో ముందే కలుపుకోండి.

కిస్తీల గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను, అది నా వృత్తి. వడ్డీ లేని ఈఎంఐ అని రాస్తారు. వడ్డీ లేని అప్పు బ్యాంకు ఇవ్వదు. ఆ వడ్డీని అమ్మేవాడు డిస్కౌంటు పేరుతో సర్దుతాడు, లేదా నగదు ఇచ్చేవాడికి తగ్గించే ధర మీకు తగ్గించడు. ఉదాహరణకు 12,000 ట్యాబ్ ఆరు కిస్తీలు, వడ్డీ 500 అనుకుందాం. ఆ 500 వాడు సర్దినా, క్రెడిట్ కార్డు మీద అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జి.ఎస్.టి. 90 రూపాయలు మీ మీదే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే దాని మీద 18 శాతంతో కలిపి దగ్గర దగ్గర 235. మొత్తం సుమారు 325. మరీ పెద్ద మొత్తం కాదు. కానీ ఒక కిస్తీ తప్పితే పడే జరిమానా, దెబ్బతినే సిబిల్ లెక్క రేపు ఇదే పిల్ల విద్యారుణం కోసం బ్యాంకుకు వచ్చినప్పుడు తల్లిదండ్రుల పేరు మీద కనబడతాయి. బ్యాంకులో అలాంటి దరఖాస్తులు నా టేబుల్ మీదుగా వెళ్లాయి. చిన్న వస్తువు మీద ఎగ్గొట్టిన చిన్న కిస్తీ పెద్ద రుణానికి అడ్డుపడటం చూశాను. చేతిలో డబ్బుంటేనే కొనండి. ఫీజు కట్టాల్సిన స్కాలర్‌షిప్ అయితే ముందు ఫీజు కట్టండి. సెమిస్టరు ఫీజు బాకీ పెట్టి ట్యాబ్ కొంటే హాల్‌టికెట్ దగ్గర ఆగిపోతారు.

ఈ ప్రసంగం బులెటిన్‌లో వేస్తామన్నారు గనక హోసూరు, కృష్ణగిరి, బరంపురం, యానాం వైపు చదివేవాళ్ల కోసం ఒక మాట. తమిళనాడు ప్రభుత్వం 2011లో విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్ పథకం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది. ఇలాంటి పథకాలు వస్తుంటాయి, ఆగుతుంటాయి. మీ రాష్ట్రంలో ఈ ఏడు ఏముందో స్కూల్లోనో కాలేజీలోనో అడిగి ఆ తర్వాతే మీ డబ్బు తీయండి.

ఇంట్లో ట్యాబ్ వచ్చాక అది ఎవరిదన్న తగువు వస్తుంది. అబ్బాయికి ఇచ్చి, అమ్మాయికి తీరిక దొరికినప్పుడు అనడం నేను చాలా ఇళ్లలో చూస్తున్నాను. స్కాలర్‌షిప్ ఎవరి పేరున వచ్చిందో ఆ పిల్ల గంటలు ముందు, మిగతావాళ్లవి తర్వాత. గోడ మీద టైంటేబుల్ రాసి అంటించండి. రాత్రి చార్జింగ్ అమ్మ పడుకునే గదిలో పెట్టండి, దుప్పటి కింద వెలుతురు ఉండదు.

బిల్లు జి.ఎస్.టి.తో తీసుకోండి, వారంటీ కార్డు మీద తేదీ వేయించండి, పెట్టెతో సహా దాచండి. సిమ్ ఉన్న ట్యాబ్ అయితే ఐఎంఈఐ నంబరు రేషన్ కార్డు దాచేచోట రాసి పెట్టుకోండి, పోయినప్పుడు పోలీసులు ముందు అడిగేది అదే.

ప్రతి ఆదివారం పది నుంచి పన్నెండు దాకా ట్రస్టు ఆఫీసులో ఉంటాను. వారం లెక్క రాసిన పేజీతో రండి, పిల్లవాణ్ణి కూడా తీసుకురండి. పేజీ లేకుండా వచ్చి ఏ కంపెనీది కొనాలి అంటే మాత్రం వెనక్కి పంపిస్తాను. ఇప్పుడు అడగదలచుకున్నవాళ్లు అడగండి.